ఎంత పడుతుంది? ఎంత పట్టింది? ఎంత పడింది?

హైదరాబాదు నుంచి విజయవాడకి ఎంత పడుతుంది? ఈ ప్రశ్నకి ఒకరు "అయిదు గంటలు" అంటారు, ఇంకొకరు "అయిదొందలు" అంటారు. ఇద్దరూ ప్రశ్నని సరిగ్గానే అర్థం చేసుకున్నారు. ప్రయాణం అయ్యాక అడిగితే మాత్రం ఈ గందరగోళం ఉండదు. "ఎంత పట్టింది?" అంటే టైము, "ఎంత పడింది?" అంటే డబ్బు.

అంటే "పడుతుంది" అనే ఒక్క రూపంలో రెండు క్రియలు దాక్కున్నాయి. ఒకటి పట్టు, రెండోది పడు. తెలుగులో -ట్టుతో ముగిసే క్రియలకి వర్తమానంలో, భవిష్యత్తులో ఆ ట్టు కాస్తా డు అవుతుంది. కట్టు-కడుతుంది, కొట్టు-కొడుతుంది, తిట్టు-తిడుతుంది, పెట్టు-పెడుతుంది, కుట్టు-కుడుతుంది. వీటితో పేచీ లేదు, ఎందుకంటే "కొడు", "తిడు" అని వేరే క్రియలు లేవు. పట్టుకి మాత్రం పక్కనే పడు ఉంది. "చేపలు పడతాడు", "కింద పడతాడు" అన్నప్పుడు చెవికి ఒకటే మాట. భూతకాలంలోకి మార్చండి: చేపలు పట్టాడు, కింద పడ్డాడు. వ్యతిరేకంలోకి మార్చినా తేలిపోతుంది: నిద్ర పట్టదు, వాన పడదు. నిఘంటువు తిరగేసేవాళ్లు కూడా ముందు ఈ పరీక్ష చేసుకుని, ఆ తర్వాతే ఏ మాట కింద వెతకాలో తేల్చుకోవాలి.

బయటి దేశాల్లో పెరిగే తెలుగు పిల్లలు "హోంవర్కుకి గంట పడింది" అనేది ఇక్కడే. వాళ్లు విన్న "గంట పడుతుంది" నుంచి వెనక్కి లెక్క కట్టుకున్నారు. వాళ్ల లెక్కలో తప్పేం లేదు, పట్టుకున్న క్రియే వేరు.

పొరపాటు జరిగితే అర్థం ఎంత మారుతుందో బాలింత దగ్గర చూడండి. "పాలు పట్టలేదు" అంటే బిడ్డకి ఇంకా తాగించలేదని. "పాలు పడలేదు" అంటే తల్లికి పాలు రాలేదని. మొదటిదానికి చేయాల్సిన పని వేరు, రెండోదానికి వేరు. అలాగే "కాకరకాయ నాకు పడదు" అంటే తింటే ఇబ్బంది చేస్తుందని. "తిన్నది ఒంటికి పట్టదు" అంటే ఎంత తిన్నా బలం రాదని. "వాళ్లిద్దరికీ పడదు" అంటే పొసగదని, "వాళ్లిద్దరికీ పట్టదు" అంటే లెక్కచేయరని.

వార్తలు రాసేవాళ్లకి ఇదే గొయ్యి ఇంకోచోట ఉంది. "జీతాలు పెంచాలని పట్టుబడుతున్నారు", "తనిఖీల్లో పట్టుబడుతున్నారు" రెండూ సరైన వాక్యాలే. భూతకాలంలో మొదటిది "పట్టుబట్టారు", రెండోది "పట్టుబడ్డారు". ఇది మరిచి "రాజీనామాకు పట్టుబడ్డ సభ్యులు" అని శీర్షిక పెడితే, పాపం వాళ్లు ఏదో దొంగతనం చేసి దొరికిపోయినట్టు ఉంటుంది.

ఇక అసలు పట్టు సంగతి. దీని మూలార్థం గట్టిగా పట్టుకోవడం, అంటుకోవడం. తమిళంలో ఇదే మాట పఱ్ఱు, పలికేది పట్రు అని. కన్నడంలో హత్తు. ఈ మార్పు ఒక వరసలో జరిగింది: తమిళంలో సుఱ్ఱు, కన్నడంలో సుత్తు, మనకి చుట్టు, తమిళంలో పుఱ్ఱు, కన్నడంలో హుత్త, మనకి పుట్ట. కాబట్టి పట్టులోని ట్ట పాత ఱ్ఱ నుంచి వచ్చింది. పట్టుచీరలోని పట్టు అలా కాదు. అది తమిళంలోనూ పట్టే, సంస్కృతంలో పట్ట. తమిళుడికి చీర వేరు, పట్టుకోవడం వేరుగానే వినిపిస్తాయి. మన నోట్లో రెండూ కలిసిపోయాయి. "పట్టుకుంటే జారదు గనక పట్టు" లాంటి వివరణలు ఎక్కడైనా కనిపిస్తే వదిలేయండి.

ఆ సంస్కృత పట్టకి గుడ్డ, గుడ్డ పేలిక, పలక అని అర్థాలున్నాయి. రాజుకి కిరీటం పెడతారు, పట్టం మాత్రం కడతారు, గమనించారా? పట్టం మొదట నుదుటికి చుట్టి కట్టే పట్టీ, అందుకే ఆ క్రియ. రాతకోతల పలక నుంచి భూమి పట్టా వచ్చింది. 1971 నాటి ఆంధ్రప్రదేశ్ చట్టంలో పట్టాదారు పాసుపుస్తకంగా స్థిరపడింది. ఎద్దుబండి చక్రానికి బిగించే ఇనుప పట్టా, రైలు పట్టాలు, కాలి పట్టీలు, పట్టెనామాలు... సన్నగా పొడుగ్గా ఉన్నవన్నీ ఈ ఇంటివే.

పట్టుకోవడం వైపు కుటుంబం ఇంకా పెద్దది. ఇందులో చిత్రమేమిటంటే, చాలాసార్లు పట్టేది మనిషి కాదు. నాకు నిద్ర పట్టింది, చెమట పట్టింది, ఇనుముకి తుప్పు పట్టింది, రొట్టెకి బూజు పట్టింది, వాడికి పిచ్చి పట్టింది. నిద్రా తుప్పూ బూజూ కర్తలు. మనిషి "కి" తగిలించుకుని పక్కన నిలబడతాడు. మెడ పట్టేయడం దీనికి ఇంకో మెట్టు పైన, అక్కడ మెడే కర్త.

వంటింట్లో ఈ క్రియ లేకపోతే పని జరగదు. ఆవకాయ కలిపిన మూడో రోజు తిరగ కలిపేటప్పటికి ముక్కకి ఉప్పు పట్టి ఊట వస్తుంది. పైన అంటుకుంటే పట్టినట్టు కాదు, లోపలికి దిగాలి. బియ్యం మరలో పట్టిస్తాం, తలకి నూనె పట్టిస్తాం, బిందెలో నీళ్లు పట్టుకుంటాం. తలనొప్పికి శొంఠి అరగదీసి నుదుటికి వేసేది కూడా పట్టే.

నామవాచకంగా దీనికి "చోటు" అనే అర్థం కూడా ఉంది, ఇప్పుడు విడిగా వాడరు. ఉనికిపట్టు, ఆయువుపట్టు లాంటి సమాసాల్లో మిగిలింది.

చివరికి ఈ క్రియ అరిగి అరిగి ప్రత్యయం కూడా అయింది. "నువ్వు చెప్పబట్టి వచ్చాను", "దాన్నిబట్టి చూద్దాం" అన్నప్పుడు చేత్తో పట్టుకునేదేమీ లేదు. తెలంగాణలో "ఏడ్వవట్టింది" అంటే ఏడుపు మొదలుపెట్టింది అని. ప, బ, వ, మూడు వేషాలు ఒకే మాటవి.

పట్టపగలు మాత్రం ఈ ఇంటిది కాదు. అది పగలు + పగలు. చివర+చివర చిట్టచివర, బయలు+బయలు బట్టబయలు అయినట్టే, మొదటి పగలులో "ప" మిగిలి తక్కినది "ట్ట" అయింది.