ఏ స్టెప్‌కి పేస్, ఏ స్టెప్‌కి గుండె వేగం: ఆగస్టు హాఫ్ కోసం నా వర్కౌట్లు

హైదరాబాద్ మారథాన్ ఆగస్టులో, అంటే గాలిలో తేమ బాగా ఉండే రోజుల్లోనే. హాఫ్ మారథాన్‌కి, అంటే 21 కిలోమీటర్ల పరుగుకి రిజిస్టర్ అయ్యాను కాబట్టి ఈమధ్యంతా ఇంటర్వల్స్ (కాసేపు వేగంగా, కాసేపు నెమ్మదిగా మార్చిమార్చి పరుగెత్తడం) మీదే ఉన్నాను. వర్కౌట్లని స్టెప్పులుగా, అంటే వార్మప్, పరుగు, విశ్రాంతి అని ముక్కలుగా, ఇంటర్వల్స్ డాట్ ఐసీయూ అనే శిక్షణ ప్లానింగ్ వెబ్‌సైట్‌లో రాస్తున్నా. ఉచితంగానే వాడుకోవచ్చు, ప్లాన్ చేసిన వర్కౌట్లు నా స్పోర్ట్స్ వాచ్ కంపెనీ గార్మిన్‌కి పంపమని సెట్టింగ్స్‌లో ఒకసారి టిక్ పెడితే అవి దాని యాప్ గార్మిన్ కనెక్ట్ క్యాలెండర్‌లోకి, అక్కడినుంచి వాచ్‌లోకి వచ్చేస్తాయి.

అన్నిటికంటే ముందు థ్రెషోల్డ్ పేస్ సరిగ్గా ఇవ్వాలి (పేస్ అంటే కిలోమీటరుకి పట్టే సమయం, థ్రెషోల్డ్ అంటే చాలాసేపు నిలబెట్టుకోగల గట్టి వేగానికి హద్దు), మిగతా లెక్కలన్నీ దానిమీదే నడుస్తాయి. అరగంటపాటు ఒక్కడినే, చివరిదాకా నిలబెట్టుకోగలిగినంత గట్టిగా పరుగెత్తి ఆ సగటు తీసుకున్నాను: కిలోమీటరుకి 6:00. అదే పరుగులో చివరి 20 నిమిషాల సగటు హార్ట్ రేట్‌ని థ్రెషోల్డ్ హార్ట్ రేట్‌గా పెట్టాను. దీనికి నెక్లెస్ రోడ్డు బాగుంటుంది. కేబీఆర్ పార్కు చుట్టూ చేస్తే ఎత్తుపల్లాలకి సగటు పేస్ చెడిపోతుంది.

శాతాల దగ్గర కొంచెం జాగ్రత్త. 105 శాతం పేస్ అంటే ఆరు నిమిషాలకి ఐదు శాతం కలపడం కాదు, వేగం ఐదు శాతం పెరగడం. అంటే 5:43. 80 శాతం అయితే 7:30. ఇంకోటి, టైప్ చేసి రాసేటప్పుడు ఒక్క ఎమ్ అంటే నిమిషాలు, మీటర్లకి ఎమ్-టీ-ఆర్ అని రాయాలి. 800 పక్కన ఎమ్ ఒక్కటే పెడితే 800 నిమిషాల పరుగు తయారవుతుంది, సేవ్ చేసేముందు గ్రాఫ్ ఒకసారి చూసుకుంటే ఇలాంటివి ఇట్టే తెలిసిపోతాయి.

అసలు నేను ఈ నెలంతా ఆలోచించింది ఏ స్టెప్‌కి ఏ టార్గెట్, పేసా హార్ట్ రేటా, పెట్టాలన్నదే. అన్నిటికీ పేస్ పెట్టేస్తే అది తప్పినప్పుడల్లా వాచ్ పరుగంతా మోగుతూనే ఉంటుంది, మనం దాన్ని పట్టించుకోవడం మానేస్తాం. ఇప్పుడు మంగళవారం వర్కౌట్ ఇలా ఉంది: 15 నిమిషాల వార్మప్, టార్గెట్ లేదు. తర్వాత 800 మీటర్లు ఐదుసార్లు, 103 నుంచి 107 శాతం, అంటే 5:50 నుంచి 5:36 మధ్య. ఒక్కొక్కదానికి దాదాపు 4:34 పడుతుంది. మధ్యలో రెండు నిమిషాల జాగింగ్, దానికి టార్గెట్ అస్సలు లేదు. రికవరీకి కూడా పేస్ పెడితే అది తగ్గకుండా చూసుకునే తొందరలో ఊపిరి కుదుటపడదు, తర్వాతి రెప్ (వేగంగా పరుగెత్తే ఒక్కో విడత) పాడవుతుంది. రెప్ జరుగుతున్నంతసేపు స్క్రీన్ మీద ఆ క్షణపు పేస్ కాకుండా ల్యాప్ పేస్, అంటే ఆ రెప్ మొదలైనప్పటినుంచి సగటు, పెట్టుకోండి, చెట్ల కింద జీపీఎస్ అటూఇటూ ఊగినా ల్యాప్ సగటు నిలకడగా ఉంటుంది. 200 మీటర్ల రెప్స్‌కి మాత్రం నేను ఏ టార్గెట్టూ పెట్టను. వాచ్ పేస్‌ని పట్టుకునేలోపే రెప్ అయిపోతుంది, హార్ట్ రేట్ అయితే ఇంకా ఆలస్యంగా ఎక్కుతుంది.

ఈజీ రన్‌కి దీనికి పూర్తిగా వ్యతిరేకం. అక్కడ పేస్ తీసేసి హార్ట్ రేట్ పరిధి ఒక్కటే ఉంచాను, ఎందుకంటే ఉక్కగా ఉన్న రోజు అదే పేస్‌కి గుండె ఎక్కువ కొట్టుకుంటుంది. అలాంటి రోజు కిలోమీటరుకి 7:30 పేస్ అన్నది ఈజీ కానే కాదు. పేస్ ఎంతకి పడిపోయినా పడనివ్వడమే మంచిదని నా అభిప్రాయం.

జూబ్లీహిల్స్ ఎక్కుడు రోడ్ల మీద చేసే రెప్స్‌కి దూరం, టైమ్ రెండూ పెట్టను, ల్యాప్ బటన్ నొక్కితే స్టెప్ ముగిసేలా రాస్తాను. పైకి చేరాక నొక్కి, నడుచుకుంటూ దిగి, కింద మళ్లీ నొక్కడం. తెల్లవారుజామున వీధికుక్కలు ఎదురైనా ఇది పనికొస్తుంది, వేగంగా పరుగెత్తేవాళ్ల వెంట అవి పడతాయి కాబట్టి దాటేదాకా నడిచి అప్పుడు నొక్కితే సరి. చదును రోడ్డు మీద మాత్రం రికవరీ టైమ్ ప్రకారమే ఉండాలి, బటన్ మన చేతిలో ఉంటే విశ్రాంతి పెరిగిపోతూ ఉంటుంది.

ఫలితం విషయానికొస్తే, మొదట్లో నాలుగో 800 నుంచే పేస్ 5:50 దాటేది. ఇప్పుడు ఐదోది కూడా మొదటిదానికి దగ్గరగా వస్తోంది, రికవరీలో హార్ట్ రేట్ కూడా ముందుకంటే త్వరగా దిగుతోంది. నాకు దీంతో చాలా ధైర్యం వచ్చింది.

వచ్చే మంగళవారం 800లు ఆపి, 2 కిలోమీటర్లు మూడుసార్లు, 95 నుంచి 98 శాతంలో, అంటే 6:19 నుంచి 6:07 మధ్య, నడుమ మూడు నిమిషాల జాగింగ్. రేస్‌లో ఫ్లైఓవర్లు చాలా ఉంటాయి కాబట్టి ఆదివారం లాంగ్ రన్‌లో చివరి 5 కిలోమీటర్లని ఎత్తుపల్లాల రోడ్డు మీదే పెట్టాను, ఆ స్టెప్‌కి పేస్ లేదు, థ్రెషోల్డ్ హార్ట్ రేట్ దాటితే మోగేలా పై హద్దు ఒక్కటే ఇచ్చాను.