యలహంకలో స్టెల్త్ ఫైటర్ ఎగిరితే ఏం చూడాలి

బెంగళూరు యలహంకలో జరిగిన 2025 ఏరో ఇండియా ఎయిర్‌షోకు రష్యా ఎస్‌యూ-57, అమెరికా ఎఫ్-35 రెండూ వచ్చాయి. రెండూ స్టెల్త్ ఫైటర్లే, అంటే రాడార్‌కు సులువుగా చిక్కని యుద్ధవిమానాలు. ఏది బాగా తిరుగుతుందన్న వాదన బెంగళూరు తెలుగువాళ్లలో ఇంకా తెగలేదు. గాల్లో నిలబడి ముక్కు తిప్పేదే గొప్పదని ఎక్కువమంది లెక్క. నేను ఒప్పుకోను.

ఒక విమానం సెకనుకు 200 మీటర్ల వేగంలో 9 జీ లాగగలదనుకుందాం, అంటే తన బరువుకు 9 రెట్ల బలంతో మలుపు తిరగగలదని. ఎత్తు తగ్గకుండా తిరిగితే వ్యాసార్ధం దాదాపు 456 మీటర్లు, పూర్తి చుట్టుకు 14 సెకన్లు. వేగం సగమైతే లిఫ్ట్ (రెక్కలు పైకెత్తే బలం) నాలుగో వంతుకు పడిపోతుంది, 2.25 జీకి మించి లాగలేదు. అదే చుట్టుకు 32 సెకన్లు పడుతుంది, వ్యాసార్ధం తగ్గకపోగా 500 మీటర్లు దాటుతుంది. ముక్కు నిలబెట్టే విన్యాసాలన్నీ ఈ వేగాన్నే తినేస్తాయి.

పైగా యలహంక 900 మీటర్ల ఎత్తులో ఉంది. 30 డిగ్రీల ఎండలో గాలి సాంద్రత ప్రామాణిక విలువ కన్నా 15 శాతం తక్కువ. అదే ఎండలో చెన్నై మెరీనా మీదైతే 5 శాతమే. థ్రస్ట్‌కీ (ఇంజిన్ తోపుకీ) లిఫ్ట్‌కీ రెండింటికీ దెబ్బే.

ఇక ముక్కు తిప్పడానికి ఇంజిన్ వెనక నాజిళ్లను వంచి తోపు దిశ మార్చడాన్ని థ్రస్ట్ వెక్టరింగ్ అంటారు. అమెరికా ఎఫ్-22 నాజిళ్లు పైకీ కిందకీ 20 డిగ్రీలు వంగుతాయి, పక్కలకు వంగవు. ఎస్‌యూ-57 నాజిళ్లు వంగే అక్షాలు ఏటవాలుగా ఉంటాయి కాబట్టి, రెండింటినీ వేర్వేరుగా కదిపితే ముక్కు పక్కకు కూడా తిరుగుతుంది. ఎఫ్-35ఏకి ఈ సౌకర్యమే లేదు. అయినా 50 డిగ్రీల ఏంగిల్ ఆఫ్ అటాక్ (ఎదురుగాలికీ రెక్కకీ మధ్య కోణం) వరకు అదుపు తప్పదు. ముందు అంచుల నుంచి లేచే సుడులు, పెద్ద తోకలు, కంప్యూటర్ కలిసి ఆ పని చేస్తాయి. ఆ కంప్యూటర్ లెక్కలు తప్పితే ఏమవుతుందో 1992లో ఎఫ్-22 నమూనా విమానం వైఎఫ్-22 చూపించింది: వెక్టరింగ్ పనిచేస్తుండగా రన్‌వే మీద తక్కువ ఎత్తులో ముక్కు పైకీ కిందకీ ఊగి, పొట్ట నేలకు తగిలింది. పైలట్ బతికాడు.

ఆయుధాలు పొట్టలోనే ఉంటాయి కాబట్టి స్టెల్త్ విమానానికి బయట వేలాడే ఆయుధాల డ్రాగ్ (గాలి నిరోధం) ఉండదు. విన్యాసాల్లో ఇదే దాని అసలు లాభం, కానీ ఎయిర్‌షోలో కనిపించదు. అక్కడ పాత ఫైటర్లు కూడా రెక్కల కింద ఏమీ లేకుండానే ఎగురుతాయి. ఇంధనం కూడా అంతే. ఎఫ్-35ఏ లోపల 8 టన్నులకు పైగా పడుతుంది. ప్రదర్శనకు ఎంత నింపారో తెలియకుండా పోలిస్తే ఆ పోలిక దండగ.

ఈసారి వెళ్తే, నెమ్మది విన్యాసం ముగిశాక సెకన్లు లెక్కపెట్టండి: మళ్లీ గట్టిగా తిరగడానికి ఎంతసేపు పట్టింది, అందుకోసం ముక్కు దించి ఎత్తు కోల్పోవాల్సి వచ్చిందా? మన దేశం తయారుచేస్తున్న స్టెల్త్ ఫైటర్ ఏఎంసీఏ ఎగిరే రోజున కూడా ఇదే కొలత పెట్టాలి. దాని రెండు ఎఫ్414 ఇంజిన్ల థ్రస్ట్ కలిపి 20 టన్నులు, గరిష్ఠ బరువు 25 టన్నులు. అంటే నిండా నింపితే థ్రస్ట్ బరువు కన్నా తక్కువే.