బాబాయ్, నేను, ఒక 1972 షెవర్లే

డాలస్ వచ్చిన నాలుగేళ్లకు నాకు పాత పికప్ పిచ్చి పట్టింది. అందులోనూ షెవర్లే సీ-10, 1967 నుంచి 1972 దాకా వచ్చిన మోడలే కావాలి. మా ఆవిడ "ఇంట్లో రెండు కార్లు పెట్టుకుని ఇదేం రోగం" అంది. సరిగ్గా అప్పుడే మా బాబాయ్ ఆరు నెలలు ఉండిపోదామని వచ్చాడు. విజయవాడ ఆటోనగర్‌లో ముప్పై ఏళ్లు లారీ ఇంజన్ల షెడ్డు నడిపిన మనిషి. మా పిల్లల పార్కులో ఆయనకు రెండో వారానికే విసుగొచ్చింది. బండి చూడ్డానికి వెళ్దామనగానే చెప్పులేసుకున్నాడు.

మొదటిది గార్లండ్‌లో చూశాం. ఎర్ర రంగు, ఎనిమిది సిలిండర్ల వీ8 ఇంజన్, 24,000 డాలర్లు. ఫొటోల్లో పెళ్లికూతురిలా ఉంది. మేం వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దని ముందే ఫోన్‌లో చెప్పాను. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే దాని రోగాలు బయటపడతాయని బాబాయ్ పట్టు. తీరా వెళ్లాక బానెట్ మీద చెయ్యి పెట్టి, ఏమీ అనకుండా నా వైపు చూశాడు. వేడిగా ఉంది.

అయినా తన పరీక్ష తను చేశాడు. ఇంజన్ నడుస్తుండగా ఆయిల్ పోసే మూత తీసి, అరచెయ్యి అడ్డం పెట్టాడు. రింగులు అరిగితే గాలి పిస్టన్ పక్కల నుంచి కిందికి దిగి అక్కడి నుంచి తంతుంది. దాన్నే ఆటోనగర్‌లో బ్యాక్ కంప్రెషన్ అంటారు. తన్నలేదు. రేజ్ చేస్తే, ఆయిల్ మండితే వచ్చే నీలం పొగా రాలేదు. "ఇంజన్ బంగారంరా. తీసేసుకో. బాడీదేముంది, టింకరింగ్ మేస్త్రికి వారం పని" అన్నాడు.

నాకు గొంతులో పచ్చి వెలక్కాయ పడింది. ఆయనకు ఎదురు చెప్పాలి మరి. నెల రోజులుగా నేను చదివి తెలుసుకున్నదంతా దీనికి సరిగ్గా తలకిందులు. షెవర్లే చిన్న వీ8 1955 నుంచీ ఉంది, దాని సామాను ఏ ఊళ్లోనైనా దొరుకుతుంది. ఇంజన్ పోతే ఇంకోటి దించుకోవచ్చు. రేకు పోతేనే చావు. క్యాబ్ (డ్రైవర్ కూర్చునే గది) మూలకు వేసే కొత్త రేకు వంద డాలర్లలోపే వస్తుంది, కానీ దాన్ని కోసి అతికే మనిషికి గంటకు 120 డాలర్లని ఒక షాపులో చెప్పారు. నలభై గంటల పనైతే 4,800. ఆటోనగర్‌లో మనిషి చౌక, సామాను ప్రియం. ఇక్కడ అది కుదరదు.

బాబాయ్ నమ్మలేదు. అప్పుడు జేబులోంచి ఫ్రిజ్ అయస్కాంతం తీశాను, ఇన్సూరెన్స్ వాళ్లు పోస్టులో పంపే మెత్తటి రకం. పైకప్పు మీద టక్కున అతుక్కుంది. క్యాబ్ వెనక మూల కింద పెడితే జారి పడింది. రెండో వైపూ అంతే. డోరు కింద పొడవునా ఉండే రాకర్ ప్యానెల్ మీద సగం దూరం పట్టి, సగం దూరం వదిలేసింది. రేకు తుప్పు పట్టి పోయిన చోటల్లా లప్పం పెట్టి రంగు కొట్టేశారు. బాబాయ్ మారు మాట్లాడకుండా కొత్త కార్పెట్ అంచు పట్టుకుని లేపాడు. ఫ్లోరు మీద నాలుగు రేకు ముక్కలు, రివిట్లతో. "మా దగ్గర ఎడ్లబండికి కూడా ఇలా కొట్టర్రా" అని తెలుగులోనే ఓనర్‌తో అన్నాడు.

చివరగా వీఐఎన్, అంటే బండి గుర్తింపు నంబరు చూశాను. డ్రైవర్ డోరు తెరిస్తే ద్వారబంధం మీద ప్లేటు ఉంటుంది. 1972 బండికి మూడో అక్షరం ఈ అయితే వీ8, ఎస్ అయితే ఆరు సిలిండర్లు. అక్కడ ఎస్ ఉంది. ఓనరేమో ఫ్యాక్టరీ వీ8 అన్నాడు. ఇంజన్ మార్చినందుకు నాకేం బాధ లేదు, కానీ ఆ మాట తర్వాత మిగతావేవీ నమ్మబుద్ధి కాలేదు. దండం పెట్టి వచ్చేశాం.

రెండోది అబిలీన్ దగ్గర, దాదాపు మూడు గంటల ప్రయాణం. పడమటి టెక్సస్ పొడి నేల, సముద్రపు గాలి తగలదు కాబట్టి తుప్పు తక్కువని అటు వెతికాను. ఆకుపచ్చ రంగు ఎండకు వెలిసి సున్నంలా చేతికి అంటుకుంటోంది. లాంగ్ బెడ్ (వెనక సామాను తొట్టి పొడవుది), ఆరు సిలిండర్ల 250 క్యూబిక్ అంగుళాల ఇంజన్, స్టీరింగ్ మీద మూడు గేర్లు. అయస్కాంతం ఎక్కడ పెడితే అక్కడ పట్టింది. అద్దం కింద ఆకులు చేరే సందులో మాత్రం కొంచెం తుప్పు. స్టార్ట్ చేయగానే ఒక్క గుక్క నీలం పొగ వచ్చి ఆగిపోయింది. వాల్వ్ సీళ్లు ఎండిపోయాయి, ఖర్చు తక్కువ అని బాబాయ్ తేల్చేశాడు. గేరు రాడ్ చూసి "అంబాసిడర్ గేరే కదరా" అంటూ అమ్మేవాళ్ల పొలం దారిలో రెండు చుట్లు కొట్టాడు. దిగాక ఆయన ముఖం చూడాలి!

బ్రేకుల దగ్గర మాత్రం నేనే ఎక్కువ సేపు కూర్చున్నాను. 2025 జనవరి నుంచి టెక్సస్‌లో సొంత వాహనాలకు సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ తీసేశారు. ఇంత పాత బండికి పొగ పరీక్షా లేదు. అంటే మనం చూడకపోతే ఇంకెవరూ చూడరు. 1971 నుంచి ముందు చక్రాలకు డిస్కులే వచ్చాయి కాబట్టి కొంత నయం. బ్రేకు హోసులు మాత్రం పగుళ్లిచ్చాయి.

6,500కి ఒప్పుకున్నాక అసలు టెన్షన్ మొదలైంది. టైటిల్, అంటే బండి యాజమాన్య కాగితం, అమ్మేవాళ్ల చనిపోయిన నాన్న పేరు మీద ఉంది, వీలునామా లేదు. వారసులందరూ నోటరీ ముందు సంతకం పెట్టిన అఫిడవిట్ కావాలి, వాళ్ల చెల్లెలేమో వేరే రాష్ట్రంలో ఉంది. "డబ్బు ఇచ్చేస్తే పంపిస్తాం" అన్నారు. మంచి మనుషులే, కానీ నేను డబ్బు ఇవ్వలేదు. మూడు వారాలు ఆగాను. ఈలోగా బాబాయ్ వెళ్లిపోయాడు. కాగితాలు చేతికొచ్చాక డబ్బిచ్చి, కౌంటీ ట్యాక్స్ ఆఫీసులో 130-యు ఫారం నింపి, 6.25 శాతం లెక్కన 406 డాలర్లు పన్ను కట్టి పేరు మార్పించుకున్నాను.

ఇంకా ఒకటి మిగిలింది. ఈ మోడల్‌లో పెట్రోల్ ట్యాంకు క్యాబ్ లోపలే, సీటు వెనక ఉంటుంది. 1973 నుంచి గానీ దాన్ని బయటికి తీయలేదు. పెట్రోల్ పోసే గొట్టం రబ్బరు గట్టిపడి క్యాబ్ అంతా వాసన. మొన్న కొత్తది వేశాను. మా ఆవిడ ఎక్కి, ఒకసారి వాసన చూసి, "ఇంకో వారం ఆగుదాం" అని దిగిపోయింది.