కుక్కపిల్ల శిక్షణ, ఇంట్లో మూడు తరాల పద్ధతులు

కుక్కపిల్ల కావాలని పట్టుబట్టేది పిల్లలే అయినా, అది ఇల్లంతా తడపకుండా అలవాటు చేసే పని చివరికి పెద్దల మీదే పడుతుంది. ప్రవాసంలో పిల్లలను పెంచుతున్న మా వంటి కుటుంబాలలో దీనికి మరో చిక్కు తోడవుతుంది. కుక్క అంటే వాకిట్లో ఉండవలసిన ప్రాణి అన్న భావనతో పెరిగిన తల్లిదండ్రులు, అది తమ మంచం మీద పడుకోవలసిన తోబుట్టువని నమ్మే పిల్లలు, కొన్ని నెలలు ఉండి వెళదామని వచ్చిన అమ్మమ్మా తాతయ్యా, అందరూ కలిసి ఒకే కుక్కపిల్లకు తలా ఒక పాఠం చెబుతారు. వాళ్లంతా ఒక మాట మీదకు రానంతవరకు దానికి ఏదీ ఒంటబట్టదు.

ముందుగా దాని శరీరం సంగతి తెలుసుకోవాలి. 12 నుంచి 16 వారాల వయసు వచ్చేవరకు కుక్కపిల్లకు మూత్రాశయం మీద పట్టు సరిగా ఉండదు కాబట్టి, ఆ వయసులో అది కావాలని తివాచీ తడిపిందనడం అన్యాయమే. నెలల్లో దాని వయసుకు ఒకటి కలిపితే ఎంత వస్తుందో, పగటిపూట అది మహా అయితే అన్ని గంటలు ఆపుకోగలదని స్థూలంగా లెక్క వేస్తారు. చిన్న జాతుల విషయంలో అంత కూడా ఆశించకూడదు. నిద్ర లేవగానే, తిన్న కాసేపటికి, ఆట ముగిసిన వెంటనే, రాత్రి పడుకోబోయే ముందు బయటికి తీసుకువెళ్లాలి. ఇవి కాక నేలను వాసన చూస్తూ గుండ్రంగా తిరుగుతున్నా, తలుపు దగ్గర తచ్చాడుతున్నా ఇక ఆలస్యం చేయకూడదు. సాధారణంగా 4 నుంచి 6 నెలల్లో అలవాటు కుదురుతుంది, కొన్నింటికి ఏడాది కూడా పడుతుంది.

ఇంట్లో అసలు వాదన మొదలయ్యేది గద్దింపు దగ్గర. తడిసిన చోటికి కుక్కపిల్లను ఈడ్చుకువెళ్లి, ముక్కు నేలకు ఆనించి, నాలుగు తిట్టి వదిలితే బుద్ధి వస్తుందని తాతయ్య గట్టి నమ్మకం. మా తరం కూడా గద్దింపులోనే పెరిగింది కనుక ఆ మాట మాకు వెంటనే తప్పుగా తోచదు. పిల్లలు మాత్రం, మెచ్చుకుంటేనే ఎవరైనా నేర్చుకుంటారన్న బడిలో చదువుతున్నందువల్ల, ఇది క్రూరత్వమని కళ్లనీళ్లు పెట్టుకుంటారు. ఈ ఒక్క విషయంలో నేను పిల్లల పక్షమే వహిస్తాను, అయితే జాలి చూపడమే దానికి కారణం కాదు. జరిగిపోయిన పనికీ ఇప్పుడు పడుతున్న తిట్లకీ సంబంధం ఉందని కుక్క గ్రహించలేదు. మనుషులు చూస్తుండగా మూత్రం పోయడం ప్రమాదమని మాత్రమే అది నేర్చుకుంటుంది. ఆపైన సోఫా వెనక్కి వెళ్లి పని కానిస్తుంది, బయటికి తీసుకువెళ్లినా మన ఎదుట పోయడానికి జంకుతుంది. భయపడే స్వభావమున్న కుక్కపిల్లలైతే, మనిషి మీదికి వంగి గట్టిగా మాట్లాడితే చాలు, ఉన్నచోటనే తడిపేస్తాయి.

“తప్పు చేశానని దానికి తెలుసు, ఆ మొహం చూడండి” అని తాతయ్య చూపించే ఆధారం కూడా నిలిచేది కాదు. కుక్కల ప్రవర్తనను అధ్యయనం చేసే అలెగ్జాండ్రా హోరోవిట్జ్ 2009లో ప్రచురించిన పరిశోధనలో, కుక్కలు ఆ దోషి చూపు చూసింది నిజంగా తప్పు చేసినందుకు కాదనీ, యజమాని మందలించినందుకనీ తేలింది. ఏ తప్పూ చేయకుండా తిట్లు తిన్న కుక్కలలో ఆ చూపు మరింత స్పష్టంగా కనిపించింది. మా పిల్లలు ఈ సంగతి తాతయ్యకు ఎంత మర్యాదగా చెప్పాలో నేర్చుకోవడానికి, కుక్కపిల్లకు శిక్షణ ఇచ్చినంత శ్రమా పడవలసి వచ్చింది.

మెచ్చుకోలుకూ ఒక పద్ధతి ఉంది. ప్రతిసారీ ఒకే చోటికి తీసుకువెళ్లి, ఏ భాషలోనైనా సరే ఇంటిల్లిపాదీ ఒకే మాట వాడి, పని పూర్తయిన క్షణంలో అక్కడే ట్రీట్ ఇవ్వాలి. ఇంట్లోకి వచ్చాక ఇస్తే, లోపలికి వచ్చినందుకు బహుమతి అందిందని అది అనుకుంటుంది. రాత్రివేళ మాత్రం మాటలూ ఆటలూ లేకుండా తీసుకువెళ్లి తిరిగి పడుకోబెట్టాలి. లేకపోతే ఆడుకోవడానికే రోజూ లేపడం మొదలుపెడుతుంది. ఈ రాత్రి పని పిల్లలకు అప్పగించవద్దని నా అభిప్రాయం. వాళ్ల ఉత్సాహం పగటివేళలకు సరిపోతుంది.

క్రేట్, అంటే కుక్కపిల్ల పడుకునే తలుపున్న పెట్టె విషయంలో అమ్మమ్మ అభ్యంతరం వేరు: నోరులేని జీవాన్ని బోనులో పెట్టడమేమిటని ఆవిడ బాధపడుతుంది. కుక్క తాను పడుకునే చోటును మురికి చేయడానికి సాధారణంగా ఇష్టపడదు కాబట్టే క్రేట్ పనిచేస్తుంది. నిలబడి, తిరిగి, కాళ్లు చాపుకుని పడుకోవడానికి సరిపోయేంత ఉంటే చాలు. మరీ పెద్దదైతే ఒక మూల పడక, మరో మూల మరుగుదొడ్డి అవుతాయి. శిక్షగా అందులోకి తోసినా, ఆపుకోగలిగిన సమయం దాటి ఉంచినా అమ్మమ్మ మాటే నిజమవుతుంది.

శుభ్రం చేసే మందుల్లో అమోనియా ఉన్నవి వాడకూడదు, ఎందుకంటే వాటిలో మూత్రాన్ని పోలిన వాసన ఉండి కుక్కను మళ్లీ అక్కడికే రప్పిస్తుంది. ఎంజైమ్ క్లీనర్లు వాసనకు మూలమైన పదార్థాలనే విరగ్గొడతాయి.

ఎప్పుడు తిన్నది, ఎప్పుడు బయటికి వెళ్లినది, ఎక్కడ పొరపాటు జరిగినది ఒక పట్టికలో రాసే పని పిల్లలకు ఇవ్వడం మేలు. తాతయ్య కూడా అందులో రాయడం మొదలుపెడితే వాదనలు చాలావరకు తగ్గుతాయి. కుదిరిన అలవాటు యవ్వనంలో కొంత సడలవచ్చు, ముఖ్యంగా మగ కుక్కలు అక్కడక్కడా మూత్రంతో గుర్తు వేయడం మొదలుపెట్టవచ్చు. అలా కాక, నెలల తరబడి శుభ్రంగా ఉన్న కుక్క హఠాత్తుగా మాటిమాటికీ కొద్దికొద్దిగా పోస్తుంటే మూత్రనాళంలో ఇన్ఫెక్షన్ ఉండవచ్చు; అప్పుడు శిక్షణ మళ్లీ మొదలుపెట్టే ముందు ఆ పట్టిక పట్టుకుని పశువైద్యుని దగ్గరకు వెళ్లాలి.