రెండో వరుసలోని పేరు

2025 అక్టోబరు మూడో వారంలో నేను వర్జీనియా రాష్ట్రంలోని డల్లెస్ విమానాశ్రయంలో దిగాను. మేనకోడలు పదేళ్లుగా అక్కడికి దగ్గరలోని లౌడన్ కౌంటీలో ఉంటున్నది. వేసవిలో రమ్మని ఏటా పిలిచే ఆ పిల్ల ఈసారి ఫోన్ చేసి, "అత్తమ్మా, నవంబరులో మాకు ఓట్లున్నయి, నువ్వు ముప్ఫై ఏళ్లు పాఠం చెప్పినదేదో ఇక్కడ కళ్లతో చూసిపోదువు, రా" అన్నది. ఆ మాటకే ప్రయాణమయ్యాను.

హనుమకొండలో రాజనీతిశాస్త్రం బోధించిన రోజుల్లో, ఉపముఖ్యమంత్రి పదవికి రాజ్యాంగంలో చోటెక్కడున్నదని పిల్లలు ఏటా ఒక్కసారైనా అడిగేవారు. ఎక్కడా లేదనేదే నా జవాబు. 164వ అధికరణం ముఖ్యమంత్రినీ, ఇతర మంత్రులనూ మాత్రమే చెబుతుంది. ఉపముఖ్యమంత్రి అనేది ముఖ్యమంత్రి ఇష్టం మీదా, పార్టీల లెక్కల మీదా నిలబడే హోదా. మా తెలంగాణలో ఈ ప్రశ్నకు ఇంకొక బాధ కూడా జతపడి ఉంటుంది. ముఖ్యమంత్రి ఆంధ్ర ప్రాంతంవారైతే ఉపముఖ్యమంత్రి తెలంగాణవారు కావాలని 1956 నాటి పెద్దమనుషుల ఒప్పందంలో రాసుకున్నప్పటికీ, నీలం సంజీవరెడ్డి తొలి మంత్రివర్గంలో ఆ పదవే లేకపోయింది. అది చేతికి ఆరోవేలు వంటిదని ఆయన అన్నారని మా పెద్దలు ఎంతో నొప్పితో చెప్పుకునేవారు. ఒక పదవిని అడిగేవారు ఒకరు, ఇచ్చేవారు మరొకరు అయినచోట అది ఆరోవేలుగానే మిగులుతుంది. మరి ఆ రెండో మనిషిని రాష్ట్రమంతటి ఓటర్లే నేరుగా, విడిగా ఎన్నుకుంటే ఎలా ఉంటుంది? వర్జీనియాలో అదే జరుగుతుందని చదివి చెప్పానే కాని చూడలేదు.

అక్కడ ఆ పదవిని లెఫ్టినెంట్ గవర్నర్ అంటారు. మనకు ఈ మాట వినగానే ఢిల్లీ, పుదుచ్చేరి గుర్తుకొస్తాయి కనుక, మేనకోడలి వీధిలో పిల్లల దగ్గరికి వచ్చి ఉంటున్న మన తల్లిదండ్రులందరూ మొదట ఆ పొరపాటే పడుతున్నారు. సాయంత్రాలు నడకకు కలిసిన ఒంగోలు పెద్దమనిషి ఒకాయన, "రాష్ట్రపతి వేసేవాడికి ఓట్లెందుకమ్మా?" అని అడిగారు. అక్కడ గవర్నరు మన ముఖ్యమంత్రి వంటివాడనీ, లెఫ్టినెంట్ గవర్నరు ఆయన తరువాతి మనిషనీ, ఇద్దరికీ ఓట్లు వేరువేరుగా పడతాయనీ చెబితే, ఆయన కాసేపు మౌనంగా నడిచి, "అయితే ఇద్దరూ వేరే వేరే పార్టీలవాళ్లు గెలిస్తే?" అన్నారు. సరైన ప్రశ్న అదే. 2005లో అచ్చం అలాగే జరిగింది. గవర్నరుగా డెమొక్రాట్ టిమ్ కెయిన్, ఆయన కింద లెఫ్టినెంట్ గవర్నరుగా రిపబ్లికన్ బిల్ బోలింగ్ గెలిచి, నాలుగేళ్లూ కలిసే పనిచేశారు.

ఈ విడి ఓటు అమెరికా అంతటా ఉన్నదేమీ కాదు. దీపావళి పలకరింపులకు పొటోమాక్ నది అవతల ఉన్న మేరీల్యాండ్ నుంచి మేనకోడలి స్నేహితురాలు వచ్చినప్పుడు అది స్పష్టంగా తెలిసింది. ఆ రాష్ట్రంలో గవర్నరునూ లెఫ్టినెంట్ గవర్నరునూ జంటగా నిలబెడతారు, ఇద్దరికీ కలిపి ఒకే ఓటు. 2022లో వెస్ మూర్‌తో జతగా గెలిచి ఆ పదవిలోకి వచ్చిన అరుణా మిల్లర్ మన తెలుగు బిడ్డ. 1964లో హైదరాబాదులో పుట్టి, ఏడేళ్ల వయసులో అమెరికా వెళ్లి, సివిల్ ఇంజనీరుగా ఒక కౌంటీ రవాణా శాఖలో పాతికేళ్లు పనిచేసిన మనిషి. "ఆమెకు ఓటు వేశాననే సంతోషం నాకుంది కానీ, ఆమెకు మాత్రమే వేసే గడి మాకు లేదు పిన్నీ" అన్నది ఆ అమ్మాయి. ఆ మాట నాకు మనసులో నిలిచిపోయింది.

వర్జీనియాలో ఆ గడి ఉంది. ఈసారి అందులోని మొదటి పేరు కూడా 1964లో హైదరాబాదులో పుట్టినవారిదే. గజాలా హాష్మీ పసితనంలో మలక్‌పేటలోని అమ్మమ్మ ఇంట పెరిగి, నాలుగేళ్ల వయసులో తల్లి వెంట జార్జియా రాష్ట్రానికి వెళ్లారు. తండ్రి అక్కడ విశ్వవిద్యాలయంలో అధ్యాపకుడు. ఆమె ఎమొరీ విశ్వవిద్యాలయంలో ఆంగ్ల సాహిత్యంలో డాక్టరేటు చేసి, 1991లో వర్జీనియా రాజధాని రిచ్‌మండ్ ప్రాంతానికి వచ్చి, దాదాపు ముప్ఫై ఏళ్లు కళాశాలలో పాఠాలు చెప్పారు. 2019లో తొలిసారి ఎన్నికలలో నిలబడి, పదవిలో ఉన్న సభ్యుణ్ణి ఓడించి రాష్ట్రపు ఎగువ సభ అయిన సెనేటులోకి వెళ్లారు. నావలెనే ముప్ఫై ఏళ్లు తరగతి గదిలో నిలబడిన మనిషి కావడం వల్ల ఆమెపై నాకు మొదటి నుంచీ ఆపేక్ష కలిగిందని దాచకుండా చెబుతున్నాను. జూన్ 17న, పార్టీ అభ్యర్థిని ఓటర్లే ఎంచుకునే డెమొక్రాటిక్ ప్రైమరీ ఎన్నికలో ఆరుగురు పోటీపడితే, రిచ్‌మండ్ మాజీ మేయర్ లెవార్ స్టోనీతో సహా మొదటి ముగ్గురికీ 26, 28 శాతాల మధ్యనే ఓట్లు వచ్చాయి. అంత ఇరుకులోంచి ఆమె బయటపడ్డారు.

ఆమె ప్రత్యర్థి రిపబ్లికన్ అభ్యర్థి జాన్ రీడ్, రిచ్‌మండ్‌లో రేడియో చర్చల వ్యాఖ్యాత. తాను స్వలింగ ప్రియుడినని బహిరంగంగా చెప్పుకుని ఆ రాష్ట్రంలో రాష్ట్రస్థాయి పదవికి ఒక పెద్ద పార్టీ తరఫున నిలిచిన మొదటి వ్యక్తి ఆయన. వసంతంలో సొంత పార్టీ గవర్నరే పోటీ నుంచి తప్పుకొమ్మని కోరినా ఆయన తప్పుకోలేదు. ఇది గమనించదగిన సంగతి. మనవైపు ముఖ్యమంత్రి వద్దనుకుంటే ఉపముఖ్యమంత్రి పదవి ఆ పూటకే పోతుంది. ఇక్కడ గవర్నరు వద్దన్నా అభ్యర్థి అభ్యర్థిగానే నిలిచాడు, ఎందుకంటే అతని పేరు మీద తీర్పు చెప్పవలసింది ఓటర్లు.

ఒక్క విషయం మాత్రం నన్ను కలతపెట్టింది. ఈ ఇద్దరూ ఒక్కసారి కూడా ఎదురెదురుగా నిలబడి వాదించుకోలేదు. అక్టోబరులో రీడ్ కృత్రిమ మేధతో తయారైన హాష్మీ గొంతును ఎదురుగా పెట్టుకుని వాదన నడిపి, దానిని ప్రసారం చేశారు. విడిగా ఎన్నుకోవలసిన పదవికి విడిగా వాదం కూడా ఉండాలి కదా. లేని మనిషి నోట మాటలు పెట్టడం సరికాదని ఎంత గట్టిగా అనుకుంటానో, ముందంజలో ఉన్న అభ్యర్థి వాదానికి రాకపోవడమూ సరికాదని అంతే గట్టిగా అనుకుంటాను.

వర్జీనియాలో పోలింగు రోజుకు 45 రోజుల ముందే ఓటింగు మొదలవుతుంది. ఈసారి సెప్టెంబరు 19న మొదలైంది. అక్టోబరు ఆఖరు వారంలో ఒక ఉదయం మేనకోడలు ఓటు వేయడానికి వెళ్తూ నన్నూ తీసుకువెళ్లింది. దారి పొడవునా చెట్లు ఎర్రబడి, పసుపుబారి, పచ్చికల మీద ఆకులు రాలి ఉన్నాయి. ఇళ్ల ముందు గుచ్చిన ప్రచార పలకలలో గవర్నరు అభ్యర్థులు అబిగెయిల్ స్పాన్‌బర్గర్, విన్సమ్ ఎర్ల్-సియర్స్ పేర్లే ఎక్కువ. రెండో పదవి పలకలు పది ఇళ్లకు ఒకటి కూడా కనిపించలేదు. నిధుల బిల్లు ఆమోదం పొందక అమెరికా ఫెడరల్ ప్రభుత్వం అక్టోబరు 1 నుంచి మూతపడి ఉండడంతో ఆ వీధిలోనే జీతం ఆగిపోయిన ఇళ్లు ఉన్నాయి. ఓటింగు కేంద్రం దగ్గర బారుతీరి నిలబడినవారి మాటలన్నీ దాని గురించే.

కేంద్రం గుమ్మానికి 40 అడుగుల లోపల ప్రచారం చేయరాదు. ఆ గీతకు అవతల రెండు పార్టీల కార్యకర్తలు బల్లలు వేసుకుని నమూనా బ్యాలట్లు పంచుతున్నారు. ఓటరును కాను కనుక నేను బయటే ఆగి ఒక నమూనా తీసుకుని చదువుకున్నాను. మొదటి వరుస గవర్నరుకు, రెండోది లెఫ్టినెంట్ గవర్నరుకు, మూడోది అటార్నీ జనరల్‌కు. ఆ కింద రాష్ట్ర ప్రతినిధుల సభ స్థానం. పేర్ల పక్కన దిద్దవలసిన చిన్న అండాకారపు గడులు. ఎవరికి వేశావని నేను అడగలేదు, తను చెప్పలేదు. కానీ కారెక్కాక తనే, "మొదటి పేరుకు ఆలోచించాల్సిన పని లేకుండె అత్తమ్మా. రెండో దగ్గర పెన్ను ఆగింది. ఈ మనిషి గవర్నరు కావాల్సి వస్తే నాకు సమ్మతమేనా అని అడుక్కున్న" అన్నది. మన ఓటరుకు ఆ ప్రశ్న వేసుకునే అవకాశం ఏ ఎన్నికలోనూ రాదు.

నవంబరు 3న రిచ్‌మండ్‌కు బయలుదేరాం. దారి సుమారు నూరు మైళ్లు. థామస్ జెఫర్సన్ ఫ్రాన్సులోని నీమ్ నగరపు రోమన్ ఆలయాన్ని నమూనాగా తీసుకుని 1785లో రూపకల్పన చేసిన శాసనసభా భవనం గుట్ట మీద తెల్లని స్తంభాలతో నిలబడి ఉంటుంది. లోపలి గుమ్మటం కింద హూడన్ చెక్కిన జార్జి వాషింగ్టన్ పాలరాతి విగ్రహం ఉంది. అంతర్యుద్ధ కాలంలో బానిసత్వాన్ని నిలుపుకోవాలని విడిపోయిన రాష్ట్రాల కాంగ్రెసు సమావేశమైనదీ ఈ భవనంలోనే. ఇప్పుడు ఆవరణలో, 1951లో పదహారేళ్ల వయసులో తన బడి దుస్థితిపై విద్యార్థుల సమ్మె నడిపిన నల్లజాతి బాలిక బార్బరా జాన్స్ విగ్రహం కూడా ఉంది. నేను ఎక్కువసేపు నిలబడింది అక్కడే.

సమావేశాలు జనవరిలో కనుక సెనేటు మందిరం ఖాళీగా ఉంది. సభ్యులకు 40 బల్లలు, వాటికి ఎదురుగా ఎత్తైన పీఠం. లెఫ్టినెంట్ గవర్నరు అసలు పని ఆ పీఠం మీదనే. సభకు అధ్యక్షత వహించడం, బిల్లుపై ఓట్లు సమానమైతే తన ఓటుతో తేల్చడం. జీతం ఏడాదికి 36,321 డాలర్లు, పూర్తికాలపు కొలువు కూడా కాదు. ఇంత చిన్న పదవికి రాష్ట్రవ్యాప్త ఎన్నిక ఎందుకని తేలికగా అనిపించవచ్చు. అయితే 40 సరిసంఖ్య కావడంలోనే ఉంది దీని బలం. 2011 ఎన్నికల తరువాత సెనేటు 20–20గా చీలితే, పైన చెప్పిన బోలింగ్ ఓటుతోనే ఆయన పార్టీ సభను నడిపించింది. నేను నిలబడిన రోజున లెక్క 21–19. హాష్మీ గెలిస్తే ఆమె సొంత స్థానం ఖాళీ అయి మెజారిటీ మరింత పలచబడుతుంది. గవర్నరు వరుసగా రెండోసారి పోటీ చేయకూడదన్న నియమం వల్ల కూడా ఈ పీఠానికి విలువ వచ్చింది, ఎందుకంటే ఇక్కడ కూర్చున్నవారి చూపు సహజంగా తరువాతి ఎన్నిక మీద ఉంటుంది. బానిసల మనుమడైన డగ్లస్ వైల్డర్ 1985లో ఈ పదవికి గెలిచి, నాలుగేళ్లకు 7,000 కంటే తక్కువ ఓట్ల తేడాతో గవర్నరై, అమెరికాలో ప్రజలు ఎన్నుకున్న తొలి నల్లజాతి గవర్నరుగా నిలిచారు. ఆయన పుట్టిన చర్చ్ హిల్ ఆ భవనానికి కూతవేటు దూరం. ఈసారి గవర్నరు పదవికి నిలబడిన ఎర్ల్-సియర్స్, జమైకాలో పుట్టి మెరైన్ దళంలో పనిచేసిన మహిళ, 2022 జనవరి నుంచి అప్పటిదాకా ఆ పీఠం మీద ఉన్నవారే.

ఆ రాత్రి గ్లెన్ ఆలెన్‌లో మేనకోడలి స్నేహితుల ఇంట దిగాం. మరునాడు పోలింగు ఉదయం 6 నుంచి రాత్రి 7 దాకా సాగింది. ఓటు వేసి వచ్చిన ఆ ఇంటి కోడలు చొక్కా మీద అంటించుకున్న స్టిక్కరు చూపించి, "మన సిరా చుక్క బదులు ఇక్కడ ఇది ఆంటీ" అన్నది. రాత్రి పప్పుచారు, ఆలుగడ్డ వేపుడుతో భోజనం ముగించి అందరం టీవీ ముందు చేరాం. గవర్నరు ఫలితం త్వరగానే తేలింది. వర్జీనియాకు తొలి మహిళా గవర్నరుగా స్పాన్‌బర్గర్ గెలిచారు. కొంతసేపటికి రెండో వరుస కూడా తేలింది. అమెరికాలో రాష్ట్రస్థాయి పదవికి ఎన్నికైన తొలి ముస్లిం మహిళ మలక్‌పేట ఇంట్లోంచి వచ్చిన మనిషని ఆ గదిలో ఒకరికొకరు చెప్పుకుంటుంటే నా కళ్లు చెమర్చాయి.

తరువాతి రోజుల్లో అంకెలు కూర్చుని చూసుకున్నాను. స్పాన్‌బర్గర్‌కు 57 శాతానికి పైగా, హాష్మీకి 55 శాతానికి పైగా, పాత సందేశాల వివాదంలో చిక్కుకున్న అటార్నీ జనరల్ అభ్యర్థి జే జోన్స్‌కు 53 శాతానికి అటూఇటూ ఓట్లు పడ్డాయి. ముగ్గురిదీ ఒకే పార్టీ, ఒకే కాగితం, ఒకే రోజు. అయినా వేలాది చేతులు ఒక వరుసకూ మరొక వరుసకూ మధ్య ఆగి, మనిషిని చూసి, గడి మార్చాయి. జంట ఓటు ఉన్నచోట ఈ తేడా అంకెల్లోకి ఎక్కదు.

2026 జనవరి 17న హాష్మీ ప్రమాణ స్వీకారం చేశారు. ఆమె ఖాళీ చేసిన స్థానాన్ని ఆ నెలలో జరిగిన ఉప ఎన్నికలో ఆమె పార్టీ నిలబెట్టుకుంది. అప్పటికి నేను హనుమకొండకు తిరిగి వచ్చేశాను. ఒకప్పటి నా విద్యార్థి, ఇప్పుడు అదే కళాశాలలో నేను చెప్పిన పాఠాలే చెబుతున్నవాడు, ఇంటికి వస్తే ఆ నమూనా బ్యాలట్ చూపించాను. అతడు రెండో వరుస మీద వేలు ఉంచి చాలాసేపు చూసి, "మేడమ్, ఆరోవేలు పాఠం రోజున క్లాసులో చూపిస్త, ఒక జిరాక్సు తీసుకుంటనా?" అని అడిగాడు. జిరాక్సు తీసుకుని, అసలు కాగితం నాకే వదిలేయమన్నాను.