షీప్‌డాగ్ ట్రయల్‌లో (కుక్కతో గొర్రెలు తోలించే పోటీలో) నా పరువు ఎలా పోయిందంటే (నా అనుభవం)

నిన్న సాయంత్రం ఇంటికొచ్చా, బూట్లు ఇంకా కడగలేదు, గుమ్మం దగ్గర బురదతో అలానే పడున్నాయి. టీ పెట్టుకుని ముందు ఇది రాద్దామని కూర్చున్నా. రెండ్రోజులు ఆగితే కోపం చల్లారిపోతుంది, చల్లారాక మర్యాదగా రాస్తాను, మర్యాదగా రాస్తే ఎవరికీ పనికిరాదు.

మేముండేది వేల్స్‌లో, పోవిస్ కౌంటీ. నేను నర్సుని, ఎక్కువగా నైట్ డ్యూటీలే. వేల్స్ జనాభా ముప్పై లక్షల పైచిలుకు, గొర్రెలు దానికి దాదాపు మూడింతలు, అంటే ఎటు చూసినా అవే. మాది పాలమూరు వైపు కురుమ కుటుంబం, మా నాయిన ఇప్పటికీ మంద మేపుతాడు. నేను చదువుకుని ఉద్యోగం తెచ్చుకున్న రోజు మా అమ్మ "గొర్ల ఎనక తిరిగే పని నీతోని ఆఖరు" అని కొబ్బరికాయ కొట్టింది. సముద్రాలు దాటొచ్చి నా జీతం డబ్బులు పోసి మళ్లీ గొర్ల వెనకే తిరుగుతున్నానని ఆమెకి ఇంకా పూర్తిగా చెప్పలేదు.

ఇదంతా కుక్కపిల్ల వల్ల. పిల్లలు ఏడిస్తే పక్క ఊరి ఫారం నుంచి బోర్డర్ కాలీ (గొర్రెల్ని కాసే జాతి) పిల్లని తెచ్చాం, జున్ను అని పేరు పెట్టాం. పది నెలలొచ్చేసరికి అది మా ఇద్దరు పిల్లల్నీ హాల్లో ఒక మూలకి తోసి కదలనిచ్చేది కాదు, పోస్టు వ్యాను చక్రాల మీదకి దూకేది. ఒకరోజు కంచె కిందనుంచి దూరి పక్క ఫారం గొర్రెల్లోకి వెళ్లిపోయింది. ఇక్కడ గొర్రెల్ని తరిమే కుక్కని రైతు కాల్చినా చాలాసార్లు చట్టం రైతు వైపే ఉంటుంది. నేను నైటీ మీద కోటేసుకుని పరిగెత్తా. వెళ్లి చూస్తే అది ఒక్కదాన్నీ కొరకలేదు, అన్నిటినీ గుండ్రంగా చేర్చి ఆ ఫారం పెద్దాయన కాళ్ల దగ్గరికి తెచ్చి పడుకుంది. ఆయనకి డెబ్బై దాటాయి. తిడతాడనుకుంటే "దీన్ని సోఫా మీద పడుకోబెట్టి పాడుచేయకు, నా దగ్గరికి తీసుకురా" అన్నాడు.

ఆయన దగ్గరికి వెళ్లేముందు నేను చేసిన తెలివితక్కువ పని, ఒక వీకెండ్ కోర్సు. రెండు గంటలకి 90 పౌండ్లు. ఆ ట్రైనర్ ఒక్క గొర్రెని కూడా చూపించలేదు, ప్లాస్టిక్ కోన్ల చుట్టూ తిప్పించి "నీ ఎనర్జీ కుక్కకి చేరడం లేదు" అన్నాడు. పన్నెండు గంటల నైట్ చేసి వచ్చినదాన్ని, నా ఎనర్జీ నాకే చేరట్లేదు నాయనా. దయచేసి అలాంటివాటికి డబ్బులు తగలేయకండి. గొర్రెలున్న ముసలాయన్ని వెతుక్కోండి, నెలకోసారి కేకు తీసుకెళ్లండి, అంతే ఫీజు.

పోటీ అంటే ఏంటో తెలియనివాళ్లకి కొంచెం చెప్తా. మనం ఒక గుంజ దగ్గర నిలబడాలి. దూరంగా, మా నోవీస్ (కొత్తవాళ్ల) పోటీలో ఓ 250 గజాలుంటుందేమో, నాలుగు గొర్రెల్ని వదుల్తారు. కుక్క పక్కగా, బేరిపండు ఆకారంలో వంపు తిరిగి, వాటిని బెదరగొట్టకుండా వెనక్కి చేరాలి, అది ఔట్‌రన్, 20 మార్కులు. మెల్లగా కదిలించడం లిఫ్ట్, 10. తిన్నగా మన దగ్గరికి తేవడం ఫెచ్, 20. తర్వాత మననుంచి దూరంగా తోలి రెండు తడికల మధ్య 7 గజాల సందులోంచి దాటించాలి, అది డ్రైవ్, 30. చివర్న దొడ్డిలోకి తోలి గేటు మూయడం, 10. పెద్ద పోటీల్లో మందలోంచి కొన్నిటిని విడదీసే షెడ్డింగ్ కూడా ఉంటుంది, మా దాంట్లో లేదు. జడ్జి మార్కులు వేయడు, ఉన్న మార్కుల్లోంచి కోసుకుంటూ పోతాడు, అచ్చం మా ఇంటర్ లెక్కల సారులాగా. కుక్క కొరికితే అక్కడితో ఇంటికే.

ట్రైనింగ్ సంగతి తొందరగా చెప్పేస్తా. పడుకో అంటే పడుకోవడం వారంలో వచ్చేసింది. కుడి ఎడమలు నాకు రాలేదు, కుక్కకి వచ్చేశాయి. గొర్రెల చుట్టూ గడియారం ముల్లు తిరిగినట్టు తిరగమంటే "కమ్ బై", దానికి ఎదురు తిరగమంటే "అవే". నాకు ఎన్నిసార్లు చెప్పినా ఎక్కకపోతే నేనే ఒకటి కనిపెట్టుకున్నా: గుడి చుట్టూ ప్రదక్షిణ చేసే దిక్కు కమ్ బై, అప్రదక్షిణం అవే. పెద్దాయనకి ఇది చెప్తే, "మరి మీ గుళ్లో గొర్రెలున్నాయా" అన్నాడు. ఉన్నాయి, మల్లన్న గుడికెళ్తే గొర్లకాపర్లే ఎక్కువ అని చెప్పా.

ఈల మాత్రం ఆర్నెల్లు తినేసింది. అర్ధచంద్రం ఆకారంలో మడిచిన చిన్న రేకుముక్క, మధ్యలో బెజ్జం, నోట్లో పెట్టుకుని ఊదాలి. రెండు నెలలు ఉఫ్ ఉఫ్ అని గాలి తప్ప ఏం రాలేదు. డ్యూటీకి వెళ్తూ కార్లో అద్దాలెత్తుకుని ప్రాక్టీసు చేసేదాన్ని, ట్రాఫిక్ లైట్ దగ్గర పక్క కారాయన నన్ను చూసిన చూపు ఇంకా గుర్తుంది. ప్లాస్టిక్‌వి కొనొద్దు, కొందరికి బాగుంటాయట, నాకు మాత్రం దండగ.

పోటీకి పేరిస్తానంటే నాకే భయమేసింది, వీళ్లంతా తాతల కాలం నుంచి చేస్తున్నవాళ్లు. అప్పుడు పెద్దాయన చెప్పాడు, ఈ దేశంలో లెక్కలోకి వచ్చిన మొదటి ట్రయల్ 1873లో ఇదే వేల్స్‌లో బాలా అనే ఊళ్లో జరిగింది, దాన్ని గెలిచింది వేల్స్‌లో ఉంటున్న ఒక స్కాట్లాండాయన, ట్వీడ్ అనే కుక్కతో అని. "బయటనుంచి వచ్చినవాళ్ల చేతిలో ఓడిపోవడం మాకు మొదటి రోజునుంచే అలవాటు, వెళ్లు" అన్నాడు. ఆ మాటకి పొంగిపోయి వెళ్లా.

మూడు వారాల కిందట మొదటి పోటీ. కొండవాలు మీద పొలం, ఓ ఇరవై కార్లు, ఒక టీ వ్యాను. పేర్లు రాసుకునే ఆమె కారు కిటికీ దగ్గరికెళ్లా. నన్ను పైనుంచి కిందికి చూసి "ఫోటోలు తీసుకోవాలంటే ఆ కంచె అవతల నిలబడండి" అంది. నా చేతిలో వంకీ కర్ర, మెళ్లో ఈల, కాలి దగ్గర కుక్క. ఇంకేం తగిలించుకుని రావాలమ్మా నేను, మెళ్లో బోర్డా? పోటీకి వచ్చానంటే "ఓ, హౌ లవ్‌లీ" అంది. ఆ లవ్‌లీని ఇక్కడ ఉన్నవాళ్లు అర్థం చేసుకుంటారు.

ఔట్‌రన్ అదిరిపోయింది. జున్ను ఎడమకి వెళ్లి చక్కగా వంపు తిరిగింది, 20కి 17. కంచె దగ్గర ఒకాయన "నైస్" అనడం వినపడింది కూడా. ఫెచ్‌లో కాస్త వంకర, డ్రైవ్‌లో ఒక తడికల సందు తప్పాం. పర్లేదు. ఇంకో రెండున్నర నిమిషాలుండగా దొడ్డి దగ్గరికి వచ్చేశాం.

ఇక ఈ దొడ్డి. నాలుగు తడికల గూడు, దానికి 8 అడుగుల గేటు, గేటుకి ఓ 6 అడుగుల తాడు. మనం తాడు కొస పట్టుకుని నిలబడాలి, గొర్రెలు లోపలికెళ్లి గేటు మూసేదాకా తాడు వదలకూడదు. మనం ఒక పక్క, కుక్క ఇంకో పక్క, మధ్యలో గొర్రెలు. అవి వెల్ష్ మౌంటెన్ గొర్రెలు, చిన్నవి, తెల్లమొహాలు, మేకల్లా చురుకు. మూడు బుద్ధిగా దొడ్డి వైపు తిరిగాయి. నాలుగోది తిరగలేదు. నన్నే చూస్తా నిలబడింది. పసుపుపచ్చ కళ్లు, అడ్డంగా గీతలాంటి పాప, ముందుకాలెత్తి నేలని టప్ మని కొట్టింది. మళ్లీ కొట్టింది. నాకు ఊళ్లో మా పెద్దత్త గుర్తొచ్చింది.

అది నా కుడిచేతి వైపు సందు చూసుకుంటోంది. కుక్కని ఆ సందుకి అడ్డం పంపాలి. అక్కడే నా బుర్ర ఆగిపోయింది. కుక్క నాకు ఎదురుగా ఉంది, నా కుడి అంటే దానికి ఎడమ, అంటే ప్రదక్షిణ దిక్కు, కమ్ బై అనాలి. నేను "అవే" అని అరిచా. పాపం జున్ను చెప్పింది చెప్పినట్టు చేసింది, అటువైపు వెళ్లిపోయింది, నా కుడి పక్క తలుపు తీసిపెట్టినట్టు ఖాళీ. ఆ గొర్రె దూకింది. దాని వెనక మూడూ దూకాయి.

తర్వాత నేను చేసింది రాయడానికి సిగ్గుగా ఉంది కానీ రాస్తా. తాడు వదిలేశా. కర్ర పడేశా. రెండు చేతులూ చాపుకుని గొర్రెల వెంట పరిగెత్తా, చిన్నప్పుడు మా చేను దగ్గర పరిగెత్తినట్టే, "హోయ్! నీ పాడుగాను, ఆగవే!" అని గొంతు చించుకుంటూ. ఇంట్లో సోఫా కొరికినప్పుడు నేను జున్నుని తిట్టే తిట్టు అదే. అది వినగానే జున్ను ఉన్నచోటే బోర్లా పడుకుని చెవులు వాల్చేసింది. అంటే చూడండి సీను: కుక్క పడుకుని ఉంది, నేను గొర్రెల వెనక ఉరుకుతున్నా. జడ్జి కార్లోంచి హారన్ కొట్టాడు, టైమైపోయింది. నాకు మొదట అర్థంకాక ఇంకో రౌండు ఉరికా. కార్లలోంచి నవ్వులు. గొర్రెలు టీ వ్యాను దాకా వెళ్లాయి.

తిరిగొస్తుంటే ఆ పేర్లామె, "అదేం భాష? కుక్కకి బాగా అర్థమైనట్టుందే" అంది. నాకు నోట మాట రాలేదు. ఇంటికొచ్చాక బాత్రూంలో నాలుగు మంచి జవాబులు తట్టాయి.

దొడ్డికి సున్నా, మొత్తం 90కి 44. ఒక విషయం మాత్రం గుర్తుపెట్టుకోండి, టైమైపోతే అప్పటిదాకా వచ్చిన మార్కులు మనవే, పరువు పోతోందని మనంతట మనం మధ్యలో మానుకుని వచ్చేస్తే అవీ ఉండవు. అంతకుమించి మా ఆయన ఆ రోజు మొత్తం వీడియో తీశాడు, అదొక శిక్ష.

ఆ వీడియో నాయినకి పంపా, ఎవరికో ఒకరికి చెప్పుకోవాలి కదా. నవ్వుతాడనుకున్నా. రాత్రి కాల్ చేసి "నువ్వు కుక్క దిక్కు చూస్తున్నవ్ బిడ్డా" అన్నాడు. మరి ఎవర్ని చూడాలి? "గొర్రె చెవు చూడాలె. ఎటు పోవాలనుకుంటదో చెవు ముందుగాల అటే తిరుగుతది. కాలు కొట్టిందంటే దానికి తొవ్వ దొరకలేదని. ఇంత ఎనకకు జరిగితే అదే పోతుండె, నువ్వు మీదికి పోయినవ్." వీడియో మళ్లీ చూశా. నిజం. దూకడానికి ఓ మూడు సెకన్ల ముందే దాని ఎడమ చెవి సందు వైపు తిరిగింది. 90 పౌండ్ల ట్రైనర్ చెప్పలేదు ఇది, పెద్దాయన ఎన్నోసార్లు "వాచ్ యువర్ షీప్" అన్నాడు కానీ నేనెప్పుడూ చెవికెక్కించుకోలేదు. మా నాయిన బడికి పోలేదు, ఫోన్ అడ్డం తిప్పడం కూడా రాదు, నిలువు స్క్రీన్ మీద అంగుళం గొర్రెని చూసి చెప్పాడు. ఇది గొప్పలకే రాస్తున్నా, ఒప్పుకుంటా.

నిన్న రెండోది. వేరే ఊరు, వాన పడి బురద, ఇక్కడ పేర్లు రాసే ఆయన ఏం మాట్లాడకుండా పది పౌండ్లు తీసుకున్నాడు, దండం పెట్టాలనిపించింది. ఔట్‌రన్ ఈసారి 14 మాత్రమే, డ్రైవ్ నాసి. దొడ్డి దగ్గర ఒక నల్లమూతిది ఆగి నన్ను చూసింది. కాలు కొట్టింది. నా గుండె కొట్టుకుంటోంది, చేతిలో తడి తాడు. ఈసారి నోరు మూసుకున్నా. తాడు వదలకుండానే ఒకడుగు వెనక్కి వేశా. చెవి దొడ్డి వైపు తిరిగింది. జున్ను పొట్ట గడ్డికి ఆనించి ఒక్క జానెడు ముందుకి జరిగింది, నేనేమీ చెప్పలేదు, అదే జరిగింది. నల్లమూతిది లోపలికి నడిచింది, మిగతావి దాని తోక పట్టుకుని వెళ్లాయి. గేటు మూశా. ఆ గొళ్లెం చప్పుడు రాత్రంతా చెవుల్లో ఉంది.

మొత్తం 57, పద్నాలుగు మందిలో తొమ్మిదో స్థానం. ప్రైజ్ ఏం రాలేదు.

వీడియో కార్లోంచే నాయినకి పంపా. గేటు మూసిన ముక్క దగ్గర ఏమంటాడా అని చూస్తున్నా. కాసేపటికి వాయిస్ మెసేజ్ వచ్చింది, వెనకాల మంద అరుపులు.

"నాలుగు గొర్లకు ఎనిమిది నిమిషాలా? సరే తీయ్. ఆ నల్లమూతిది ఎనక కాలు ఈడుస్తుంది, గిట్టల మధ్యన కుళ్లు పట్టింది గావచ్చు. ఎవరివో వాళ్లకు చెప్పినవా?"

చెప్పలేదు. ఇప్పుడు ఆ ఊరి ఫారం వాళ్ల నంబర్ కోసం పెద్దాయనకి ఫోన్ చేయాలి.