అంతా మైండ్‌లోనే ఉందట

పడుకోబోతూ ఫోన్ చూడొద్దని మా ఆయన రోజూ అంటారు. ఈ రోజు వినుంటే బాగుండేది. ఫ్యామిలీ గ్రూపులో బావగారు, అందరం కలిసి వెళ్ళొచ్చిన షిప్ ప్రయాణం ఫొటోలు పెట్టారు. అన్నీ బాగున్నాయి, ఒక్కటి తప్ప. అందులో మా చిన్నది డైనింగ్ హాల్లో కుర్చీకి జారగిలబడి ఉంది, మొహంలో నెత్తురు చుక్క లేదు. కింద "సముద్రం చూసి జడుసుకున్న మన ధైర్యశాలి" అని రాశారు. దానికి బోలెడు నవ్వు బొమ్మలు.

దానికి ఫోన్ లేదు కాబట్టి ఇంకా చూడలేదు. రేపు పొద్దున పెద్దాడు చూపించకుండా ఉండడు. అదే నా టెన్షన్. నిద్ర పట్టక ఇలా వచ్చి కూర్చున్నాను.

ఆ పిల్ల జడుసుకోలేదు. దానికి వచ్చింది సీసిక్‌నెస్, అంటే ఓడ ఊపుకి వచ్చే వికారం. షిప్ ఎక్కగానే అందరికంటే ముందు రెయిలింగ్ దగ్గరికి పరిగెత్తింది అదే. రేవు వదిలిన చాలాసేపటి దాకా దానికి ఏమీ కాలేదు. భోజనాల వేళకు నీళ్ళ తీరు మారింది. ఎగిసిపడే అలలు కావవి. షిప్ మొత్తాన్నీ నెమ్మదిగా పైకెత్తి, ఒక్క క్షణం నిలిపి, మళ్ళీ దించే పొడవాటి అలలు. గ్లాసులో నీళ్ళు అటు ఒరిగి ఇటు ఒరుగుతున్నాయి. చిన్నది వరసగా ఆవలిస్తుంటే నిద్రొస్తోందేమో అన్నారు. నేను దాని పెదాలు చూశాను. రంగు లేవు. ఏసీ హాల్లో పై పెదవి మీద సన్నగా చెమట. నుదుటికి జుట్టు అంటుకుపోయింది. మాటిమాటికీ ఉమ్ము మింగుతోంది. ఆవలింతలు, పాలిపోవడం, చల్లటి చెమట, నోట్లో నీళ్ళూరడం, ఇవి కనిపిస్తే వాంతి దగ్గర్లోనే ఉన్నట్టని పిల్లల డాక్టరు బయల్దేరే ముందే చెప్పి పంపారు.

బయటి గాలికి తీసుకెళ్దామని నేను లేస్తుంటే బావగారు, "కూర్చోమ్మా, ఏం కాదు. అంతా మైండ్‌లోనే ఉంది. మేమంతా బాగానే లేమూ?" అన్నారు. టేబుల్ చుట్టూ అందరూ నవ్వారు. పిల్ల కూడా నవ్వబోయింది. కడుపులో అంత తిప్పుతున్నా పెదనాన్న జోకుకి నవ్వాలని చూసింది. ఇన్నాళ్ళయినా అది నా మనసులోంచి పోవడం లేదు. తర్వాత ఏమైందో చెప్పక్కర్లేదు. ఆ ఫొటో దానికి ముందు క్షణంలో తీసింది.

వాళ్ళు బాగానే ఉంటారు మరి. వాళ్ళ గది కింది అంతస్తులో, షిప్‌కి సరిగ్గా నడిమధ్యన. మాది పై అంతస్తులో, ముందు కొసన. వ్యూ బాగుంటుంది, పిల్లలు సరదా పడతారు అని బుక్ చేశారు. మధ్యలో ఇప్పించమని నేను అప్పుడే అడిగాను. పార్కులో పిల్లలు రెండు చివర్లా కూర్చుని ఊగే బల్ల ఉంటుంది కదా, కొసన ఉన్నవాళ్ళు ఎగిరి పడుతుంటారు, నడిమధ్యన పెద్దగా కదలికే ఉండదు. షిప్ కూడా అంతే. పైగా అంతస్తు పెరిగేకొద్దీ పక్కలకు ఊపు కూడా పెరుగుతుంది. మా గది అల్మరాలో హ్యాంగర్లు రాత్రంతా టకటకా కొట్టుకుంటూనే ఉన్నాయి. కర్టెన్ గోడకి జానెడు దూరం జరిగి మళ్ళీ వచ్చి అతుక్కునేది. తువ్వాళ్ళ కోసం వాళ్ళ గదికి వెళ్తే అక్కడ కర్టెన్ కదలడం లేదు, అక్క హాయిగా మంచం మీద బట్టలు మడతపెట్టుకుంటోంది. ఒకే షిప్‌లో వాళ్ళదొక సముద్రం, మాదొక సముద్రం. మరి మైండ్ ఎవరిది బలమైనదని తేలుస్తాం?

అసలు ఈ సీసిక్‌నెస్ మొదలయ్యేది చెవిలో. లోపలి చెవిలో మూడు అర్ధవృత్తపు గొట్టాలు, వాటి పక్కనే రెండు చిన్న సంచులు ఉంటాయి. తల తిరిగితే గొట్టాలు పసిగడతాయి, పైకీ కిందికీ కదిలితే సంచుల్లోని సన్నటి సున్నపు రేణువులు పసిగడతాయి. గదిలో కూర్చుంటే గోడలూ మంచమూ మనతోపాటే కదులుతాయి కాబట్టి కంటికి ఏ కదలికా కనిపించదు. కన్ను ఒకటి చెప్పి చెవి ఇంకొకటి చెబితే మెదడు ఆ రెండింటినీ కలపలేక తంటాలు పడుతుంది. వికారం అందులోంచి వస్తుంది. అన్నిటికంటే పడనిది అయిదు సెకన్లకోసారి లేచి పడే నిదానపు ఊపు. ఆ రాత్రి అలలు అచ్చం అలాంటివే. రెండు చెవుల్లోనూ ఈ భాగం పూర్తిగా దెబ్బతిన్నవాళ్ళకు ఎంత తుఫానులోనూ సీసిక్‌నెస్ రాదు. చూపు లేనివాళ్ళకు మాత్రం వస్తుంది. రెండేళ్ళ లోపు పసివాళ్ళకు చాలా అరుదు. 2 నుంచి 12 ఏళ్ళ మధ్య పిల్లలకే ఎక్కువ. మా చిన్నది ఆ వయసులోనే ఉంది, దీనికి ధైర్యంతో సంబంధం ఏముంది?

ధైర్యమే అయితే ఇంగ్లండు నౌకాదళాన్ని నడిపిన నెల్సన్‌కి అది తక్కువైందా? గాలి గట్టిగా వీస్తే ఆయనకూ పడేది కాదు, ఆ సంగతి ఉత్తరాల్లో తనే రాసుకున్నాడు. డార్విన్ 1831 నుంచి 1836 దాకా బీగిల్ ఓడలో తిరిగాడు, ఆఖరి దాకా సముద్రం ఆయనకి అలవాటు కాలేదు. ఉక్కు తయారీనే మార్చేసిన హెన్రీ బెస్సెమర్ అయితే 1868లో ఇంగ్లిష్ ఛానెల్ దాటుతూ పడ్డ అవస్థకి, ఓడ ఊగినా లోపలి హాలు ఊగకుండా ఉండే ఓడ ఒకటి కట్టించాడు. ఒక మనిషి రసమట్టం (నేల సమంగా ఉందో లేదో చూపే పరికరం) చూసుకుంటూ హాలుని సరిచేస్తూ ఉండాలి. 1875లో ఆ ఓడ ఫ్రాన్స్‌లోని కలే (Calais) రేవుకట్టని గుద్దుకుంది, దాంతో ఆ పథకం మూలపడింది. వట్టి భయానికి ఎవరైనా ఓడ కట్టిస్తారా?

ఇంతవరకూ రాసి లేచి నీళ్ళు తాగొచ్చాను. మనసుకి ఇందులో ఏ పాత్రా లేదు అని తర్వాతి వాక్యం రాయాలనుకున్నాను. రాయలేను, ఎందుకంటే అది నిజం కాదు. ఇజ్రాయెల్ నౌకాదళంలో శిక్షణ పొందుతున్నవాళ్ళ మీద చేసిన ఒక అధ్యయనం 1995లో అచ్చయింది. కొందరికి ముందుగానే, మీకు సీసిక్‌నెస్ వచ్చే అవకాశం తక్కువ, వచ్చినా మీ పని మీరు చేసుకోగలరు అని చెప్పి పంపారు. మిగతావాళ్ళతో పోలిస్తే వాళ్ళకి బాధ తక్కువగా ఉంది, పని కూడా మెరుగ్గా చేశారు. అంటే మాట కూడా పనిచేస్తుంది.

కాబట్టి బావగారి మాటని నేను పూర్తిగా కొట్టిపారేయను. కానీ ఆ కుర్రాళ్ళకి ధైర్యం చెప్పింది ఓడ ఎక్కకముందు. చెమటలు పట్టి కూర్చున్నాక చుట్టూ చేరి నవ్వలేదు. మనసు పనిచేస్తుందంటే పెద్దవాళ్ళు నోరు ఇంకా జాగ్రత్తగా వాడాలి కదా. కోపం తగ్గిందా అంటే, లేదు. ఇంకాస్త పెరిగినట్టే ఉంది.

అత్తయ్య పిల్ల మణికట్టుకి కట్టిన బ్యాండ్ గురించి కూడా ఇందాకటి ఊపులో నాలుగు మాటలు రాసేదాన్నే. లోపల చిన్న గుండీ ఉండి నరాల దగ్గర నొక్కుతుందే, అది. చాలా పరీక్షల్లో దానికి ఉత్తుత్తి బ్యాండ్‌తో పెద్ద తేడా కనిపించలేదు. అల్లం మాటా అంతే, కొన్నిటిలో పనిచేసింది, కొన్నిటిలో చేయలేదు. కానీ రాత్రంతా చిన్నది ఆ బ్యాండ్ పట్టుకునే పడుకుంది. "నానమ్మ కట్టింది, తగ్గుతుంది" అని అదే నాకు చెప్పింది. ఉండనీ, దానివల్ల నష్టమేమీ లేదు.

మందు విషయంలో మాత్రం నేను సర్దుకుపోను. డాక్టరు చిన్నదానికి వికారం రాకుండా డైమెన్‌హైడ్రినేట్ అనే మందు రాశారు. కొందరు పిల్లలు నిద్రపోకుండా ఇంకా గోల చేస్తారట, అందుకని ముందే ఇంట్లో ఒకసారి వేసి చూడమన్నారు. ఎక్కే ముందు వేశాం కాబట్టే సాయంత్రం దాకా అయినా ఆగింది. వాంతులు మొదలయ్యాక మాత్ర వేస్తే కడుపులో ఉంటేగా పనిచేసేది. ఆ రాత్రి చివరికి షిప్ డాక్టరు ఇంజెక్షన్ చేయాల్సి వచ్చింది. ఈలోగా అక్క తన బ్యాగులోంచి సెట్రిజిన్ తీసి "ఇదీ అదే రకం" అంటూ ఇవ్వబోయింది. అలర్జీకి వాడే ఈ కొత్త రకం మాత్రలు దీనికి పెద్దగా పనిచేయవు. పాత రకాలే పనిచేస్తాయి, నిద్ర తెచ్చేది కూడా అవే. వద్దంటే అక్క మొహం చిన్నబుచ్చుకుంది, ఏం చేయను.

పొద్దున్నే దాన్ని ఎత్తుకుని కింది అంతస్తుకి దిగి, మధ్యలో బయటి డెక్ మీద కూర్చోబెట్టాను. నీళ్ళకేసి కాదు, సముద్రమూ ఆకాశమూ కలిసే గీతకేసి చూడమన్నాను. అది కదలదు కాబట్టి షిప్ ఊపు కంటికీ తెలుస్తుంది, కన్నూ చెవీ ఒకే మాట మీదికి వస్తాయి. బొమ్మల పుస్తకం లాగేసుకున్నాను, ట్యాబ్ ఇవ్వలేదు. ఓఆర్ఎస్ గుక్క గుక్కగా తాగించాను, గ్లాసు నిండా ఇస్తే వెంటనే బయటికొచ్చేస్తుంది. మధ్యాహ్నానికి పెదాలకి రంగు వచ్చింది. ఆ తర్వాత అలవాటైపోయింది, చాలామందికి రెండు మూడు రోజుల్లో అయిపోతుంది. చివరి రోజుల్లో డెక్ మీద దాన్ని పట్టుకోవడమే పని. ఎగిరే చేపలు కనిపిస్తే అరిచిన అరుపుకి పక్కవాళ్ళు పరిగెత్తుకొచ్చారు.

దిగాక కూడా నేల ఊగుతోందని ఒక పూటంతా గోడ పట్టుకుని నడిచింది. మెదడు ఊపుకి అలవాటు పడి, మళ్ళీ నేలకి అలవాటు పడటానికి టైమ్ తీసుకుంటుంది. అదీ తగ్గిపోయింది.

మళ్ళీ వెళ్దామని అడుగుతోంది కూడా అదే. వెళ్తాం. ఈసారి గదులు నేను చూస్తాను, కింది అంతస్తు, మధ్యలో, వ్యూ లేకపోయినా సరే. అత్తయ్య, వికారం రాకుండా చెవి వెనక అంటించే స్కోపలమైన్ అనే మందు ప్యాచ్ కావాలంటున్నారు. ఎక్కడానికి నాలుగు గంటల ముందు అంటిస్తే మూడు రోజులు ఉంటుంది, పిల్లలకి మాత్రం వాడరు. కానీ అత్తయ్యకి గ్లాకోమా (నీటికాసులు) ఉంది, ఆ ప్యాచ్ కంట్లో ఒత్తిడి పెంచవచ్చు. వచ్చే వారం కంటి డాక్టరు దగ్గరికి వెళ్తున్నాం కదా, బదులుగా ఏది వాడొచ్చో ఆవిడ మందుల చీటీలన్నీ పట్టుకెళ్ళి అక్కడే అడగాలి.